అడ్వెంచరా, వెస్టర్నా, హారరా? పాత పల్ప్ కథలు ఎక్కడ మొదలుపెట్టాలి

వందేళ్ళ కిందట చవక కాగితం మీద అచ్చయిన అమెరికన్ పల్ప్ పత్రికల కథలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వేలకొద్దీ ఉచితంగా దొరుకుతున్నాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అడ్వెంచర్, వెస్టర్న్, హారర్ అని మూడు దారులు కనిపిస్తాయి. ఒక్కో దారిలో పదులకొద్దీ పత్రికలు, వందలమంది రచయితలు. చాలామంది పేరు విన్నాం కదా అని హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్‌తో మొదలుపెడతారు. నాలుగు పేజీలు తిరగకముందే ఆ పొడుగాటి వాక్యాలు విసుగు పుట్టిస్తాయి. పుస్తకం మూసేస్తారు, దాంతోపాటు పల్ప్ కథలన్నీ ఇంతేనన్న అభిప్రాయానికి వచ్చేస్తారు. మంచి కథలు ఇలా చేజారిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ వ్యాసం అందుకే.

నేను చెప్పేది ఒక్కటే. జానర్‌ను చూసి కాదు, పత్రికను చూసి ఎంచుకోండి. పల్ప్ రోజుల్లో కథ రుచిని నిర్ణయించింది ఎడిటర్. ఏ ముగింపు ఉండాలి, ఎంత రక్తం పారాలి, చరిత్ర ఎంత నిక్కచ్చిగా ఉండాలి అన్నవన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఒకే రచయిత రెండు పత్రికలకు రాస్తే రెండు రకాల కథలు వచ్చేవి. రాబర్ట్ ఇ. హోవర్డ్ అనే రచయిత వియర్డ్ టేల్స్ అనే హారర్ పత్రికకు రాస్తే ఒళ్ళు జలదరిస్తుంది, యాక్షన్ స్టోరీస్‌కు రాసిన బ్రెకిన్‌రిడ్జ్ ఎల్కిన్స్ కథలు చదివితే పొట్ట చెక్కలవుతుంది.

కొంచెం వెనక్కి వెళ్తే, ఫ్రాంక్ మన్సీ 1882లో పిల్లల కోసం పెట్టిన వారపత్రిక గోల్డెన్ ఆర్గొసీ. అదే ఆర్గొసీ అయి 1896లో పూర్తిగా పెద్దల కథల పత్రికగా మారింది. ఖర్చు తగ్గించడానికి కలప గుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చేశారు. ఆ కాగితం నుంచే వీటికి పల్ప్ అన్న పేరు. సుమారు 7 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు, గరుకు అంచులు, రంగురంగుల అట్ట, ధర పది నుంచి పాతిక సెంట్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన రెండు దశాబ్దాలు వీటికి మంచి రోజులు. రెండో యుద్ధకాలపు కాగితం కొరత, ఆ వెనక పేపర్‌బ్యాక్‌లు, టీవీ వీటిని దెబ్బతీశాయి.

ముందు ఏమేం చూసుకోవాలి

మొదటిది ఇంగ్లీషు బరువు. ఇది మనకు చాలా ముఖ్యం. లవ్‌క్రాఫ్ట్ కష్టమని అందరూ చెబుతారు గానీ, వెస్టర్న్‌లోనూ ఒక కష్టం ఉంది. కౌబాయ్‌ల మాటలను పలికినట్టే, అక్షరాలు మింగేసి రాస్తారు. బళ్ళో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళకు కథనం సులువుగా సాగుతుంది, సంభాషణ దగ్గర ఆగిపోతుంది. అలాంటి చోట పైకి చదివితే సగం అర్థమైపోతుంది.

రెండోది నిడివి. పల్ప్ పత్రికలో షార్ట్ స్టోరీ, నావెలెట్ (పెద్ద కథ), సీరియల్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. ఒక సంచిక డౌన్‌లోడ్ చేసి మొదటి కథ తెరిస్తే అది ఏదో సీరియల్‌లో మూడో భాగం కావచ్చు. విషయసూచికలో పూర్తి కథలు ఏవో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

మూడోది ముగింపు. మంచివాడు గెలిచాడన్న తృప్తి కావాలా, నిద్ర చెడగొట్టే ముగింపు కావాలా? దీనికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

నాలుగోది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది. ఈ కథలు ఎక్కువగా తెల్లవాళ్ళు తెల్లవాళ్ళ కోసం రాసుకున్నవి. నల్లవాళ్ళు, చైనావాళ్ళు, మెక్సికన్లు, అమెరికా ఆదివాసులు, భారతీయులు చాలా కథల్లో కించపడతారు. అయితే అన్ని పత్రికల్లో ఇది ఒకే స్థాయిలో ఉండదు, ఒకే పత్రికలోని రచయితలందరిలోనూ ఒకేలా ఉండదు. ఏది ఎంత భరించగలమో ముందే తెలుసుకుంటే మంచిది.

అడ్వెంచర్: నిజం పట్టింపు ఉన్న పత్రిక

అడ్వెంచర్ అన్న పేరుతోనే 1910 నవంబరులో మొదలైన పత్రిక ఇది. 1912 నుంచి 1927 దాకా ఎడిటర్ ఆర్థర్ సల్లివంట్ హాఫ్‌మన్. ఆయన పెట్టిన 'క్యాంప్ ఫైర్' అనే శీర్షిక పత్రిక స్వభావాన్నే తీర్చిదిద్దింది. కథ రాసినవాడు అక్కడికి వచ్చి ఈ సంగతి ఎక్కడ దొరికింది, ఎక్కడ కల్పించాను అని పాఠకులకు చెప్పుకునేవాడు. పాఠకుల్లో ఓడలు నడిపినవాళ్ళు, సైన్యంలో చేసినవాళ్ళు, అడవుల్లో తిరిగినవాళ్ళు ఉండేవాళ్ళు. తప్పు దొరికితే ఉత్తరం రాసి నిలదీసేవాళ్ళు. 'ఆస్క్ అడ్వెంచర్' అని ఇంకో శీర్షికలో ఫలానా దేశం గురించి, ఫలానా తుపాకి గురించి అడిగితే తెలిసినవాళ్ళు జవాబిచ్చేవాళ్ళు. ఇలాంటి పాఠకుల ముందు కథ రాయాలంటే రచయితకు చదువూ కావాలి, ఒళ్ళు దగ్గరపెట్టుకునే అలవాటూ కావాలి.

దీని ఫలితం హెరాల్డ్ లాంబ్ కథల్లో కనిపిస్తుంది. 1917లో ఈ పత్రికలో ఖ్లిట్ అనే ముసలి కొసాక్ యోధుణ్ణి పరిచయం చేశాడు. పల్ప్ అడ్వెంచర్ అంటే కండలు తిరిగిన కుర్రాడనుకునేవాళ్ళకు ఖ్లిట్ ఆశ్చర్యం. గడ్డం నెరిసింది, చదువు రాదు, కుర్రవాళ్ళు పక్కన పెట్టేశారు. చేతిలో పూర్వీకుల వంపు కత్తి, బుర్ర నిండా ఎత్తులు. బలం తక్కువైన చోట యుక్తితో నెగ్గుకొస్తాడు. 1918లో వచ్చిన 'అలముత్'లో పర్షియా కొండల్లోని హంతకుల కోటలోకి వెళ్తాడు. కోట గోడలు ఎక్కడమో, తలుపులు బద్దలుకొట్టడమో అతని పద్ధతి కాదు, వాళ్ళలో ఒకడైపోయి లోపలికి చేరుకుంటాడు. అక్కణ్ణించి ప్రతి రెండు పేజీలకూ దొరికిపోతాడేమోనన్న భయం మనల్ని పట్టుకుంటుంది. ఆ భయాన్ని లాంబ్ ఒక్క పెద్ద మాట వాడకుండా పుట్టిస్తాడు. వాక్యాలు పొట్టివి, వర్ణన తక్కువ. పదో తరగతి ఇంగ్లీషు గట్టిగా వచ్చినవాళ్ళు హాయిగా చదివేయొచ్చు.

మనకు ఇంకో ఆకర్షణ ఉంది. ఖ్లిట్ తిరిగి తిరిగి జహంగీర్ కాలపు మొఘల్ రాజ్యానికి వస్తాడు. అక్కడ అబ్దుల్ దోస్త్ అనే ఆఫ్ఘన్ యోధుడు తోడవుతాడు. ఇద్దరి మతాలు వేరు, భాషలు వేరు. ఒకరి కత్తి మీద ఒకరికున్న గౌరవమే వాళ్ళను కలిపి ఉంచుతుంది. 1910లలో ఒక అమెరికన్ ఒక ముస్లిం యోధుణ్ణి ఇంత నిండుగా, ఏ జాలీ లేకుండా, సమఉజ్జీగా నిలబెట్టడం చిన్న సంగతి కాదు. అలాగని లాంబ్‌లో లోపాలు లేవనుకోవద్దు. జగన్నాథ రథయాత్ర చుట్టూ అల్లిన 'ది బ్రైడ్ ఆఫ్ జగన్నాథ్'లో గుడినీ పూజారులనూ చూసే చూపు ఆ కాలపు విదేశీయుడి చూపే. ఆ కథతో మాత్రం మొదలుపెట్టొద్దు.

టాల్బట్ మండీ సంగతి కొంచెం చిత్రం. ఈ ఇంగ్లండ్ మనిషి భారతదేశంలో, ఆఫ్రికాలో తిరిగి అమెరికా చేరాడు. భారతదేశం మీద రాసిన తొలి కథల్లో తెల్ల అధికారే హీరో. కానీ 1925లో మొదలైన, ట్రాస్ అనే నావికుడు హీరోగా ఉన్న కథల్లో జూలియస్ సీజర్‌ను దురాశపరుడైన దురాక్రమణదారుగా చూపించాడు. దాని మీద క్యాంప్ ఫైర్‌లో పాఠకులు చాలాకాలం కొట్లాడుకున్నారు. సామ్రాజ్యాన్ని ఇలా వేలెత్తి చూపే పల్ప్ రచన అరుదు. అయితే ట్రాస్ కథలు పొడుగు, ఓపిక ఉన్నవాళ్ళకే.

ఆర్గొసీ, దాని సోదర పత్రిక ఆల్ స్టోరీ ఇదే దారిలోవి. టార్జాన్ 1912 అక్టోబరులో ఆల్ స్టోరీలోనే పుట్టాడు, ముసుగు వీరుడు జోరో 1919లో అక్కడే. ప్రసిద్ధి వీటికే ఎక్కువ. అయినా చిన్న కథలు వెతుక్కునేవాళ్ళకు నేను వీటిని సిఫార్సు చేయను. వారపత్రికలు కాబట్టి సీరియల్‌ల మీద బతికాయి. ఒక సంచిక తెరిస్తే చేతికి వచ్చేవి ఎక్కువగా ముక్కలే.

వెస్టర్న్: మనకు తెలుసనుకునేది, తెలియనిది

తెలుగువాళ్ళకు కౌబాయ్ అంటే 1971లో కృష్ణ పెట్టుకున్న టోపీ గుర్తొస్తుంది. ఆ సినిమాల వెనక ఉన్నది ఇటాలియన్ వెస్టర్న్‌ల ప్రభావం: పగ, నిధి, డబ్బు కోసం వేట. పల్ప్ వెస్టర్న్ దానికి భిన్నం. ఇందులో గొడవలు ఎక్కువగా నీటి హక్కు, పశువుల దొంగతనం, భూమి, కొత్తగా వచ్చిన చట్టం గురించి. పొలం గట్టు తగాదాలు, కాలవ నీళ్ళ తగాదాలు చూసి పెరిగినవాళ్ళకు ఇవి ఇట్టే అర్థమవుతాయి.

స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ 1919లో మొదలుపెట్టిన వెస్టర్న్ స్టోరీ మ్యాగజైన్ ఇంట్లో అందరూ చదవదగ్గ పత్రిక. బూతు లేదు, క్రూరత్వం తక్కువ, మంచివాడు గెలుస్తాడు. దీనికి పెద్ద దిక్కు ఫ్రెడరిక్ ఫౌస్ట్. మాక్స్ బ్రాండ్ అన్న కలం పేరుతో లోకానికి తెలిసినవాడు. జార్జ్ ఓవెన్ బాక్స్‌టర్, డేవిడ్ మానింగ్ వగైరా పేర్లు కూడా ఆయనవే. కొన్ని సంచికల్లో రెండు మూడు పేర్ల వెనక ఆయనే ఉండేవాడు. కవి కావాలని కలలుగన్న ఈ మనిషి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో విల్లాలో ఉంటూ టెక్సస్ గుర్రాల గురించి రాశాడు. అందుకే ఆయన పశ్చిమం భూగోళంలో ఉన్న పశ్చిమం కాదు, పురాణంలోది. హీరోలు గ్రీకు వీరుల్లా నడుస్తారు. కథ పరుగెడుతుంది, ఊరి వాసన మాత్రం తగలదు. 1944లో యుద్ధ విలేకరిగా ఇటలీ రణరంగంలోనే చనిపోయాడు.

ఊరి వాసన కావాలంటే పాపులర్ పబ్లికేషన్స్ వాళ్ళ డైమ్ వెస్టర్న్‌కు రండి. 1932 డిసెంబరులో మొదలైంది. ఇందులో మనుషులకు భయముంటుంది, తప్పులుంటాయి, చేతులు వణుకుతాయి. దీని చివరి రోజుల్లో, 1953 మార్చిలో, ఎల్మోర్ లియొనార్డ్ రాసిన 'త్రీ టెన్ టు యూమా' వచ్చింది. వెస్టర్న్‌లో ఒక్క కథే చదువుతానంటే నేను చేతిలో పెట్టేది ఇదే. పాల్ స్కాలెన్ అనే డిప్యూటీ మార్షల్, జిమ్ కిడ్ అనే ఖైదీని అరిజోనాలోని కంటెన్షన్ అనే ఊరి హోటల్ గదిలో కాపలా కాస్తూ ఉంటాడు. మధ్యాహ్నం మూడు పదికి యూమా జైలుకెళ్ళే రైలు రావాలి. కిటికీ కింద కిడ్ ముఠా కాచుకుని ఉంది. కథలో ఎక్కువ భాగం ఆ గదిలో ఇద్దరి మాటలే. ఖైదీ తాపీగా ఉంటాడు, కాపలాదారుకు చెమటలు. నువ్వు ఎంత జీతానికి ప్రాణం పోగొట్టుకుంటున్నావు అన్న ప్రశ్న గదిలో తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత హోటల్ నుంచి స్టేషన్ దాకా నడక. అంతే కథ. అనవసరమైన వాక్యం ఒక్కటి లేదు. దీనికి ఆయనకు దక్కింది 90 డాలర్లు. డెట్రాయిట్‌లో యాడ్ ఏజెన్సీ ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున లేచి, అరిజోనా నేల, చెట్టు, వెలుతురు ఎలా ఉంటాయో ఒక పర్యాటక పత్రిక చూసి తెలుసుకుని రాశాడు.

ప్రేమ కథ కూడా కలవాలంటే రాంచ్ రొమాన్సెస్ ఉంది. 1924లో మొదలై 1971 దాకా బతికింది, పల్ప్ వెస్టర్న్‌లలో అంత ఆయుష్షు దేనికీ లేదు. అమ్మాయి పాత్రకు పనీ మాటా ఉండే వెస్టర్న్ ఇక్కడ దొరుకుతుంది.

వెస్టర్న్‌లో నాకు గుచ్చుకునేది అపాచీ ఆదివాసులను, మెక్సికన్లను చూపించిన తీరు. సగటు కథలో వాళ్ళు దాడి చేయడానికీ చచ్చిపోవడానికీ మాత్రమే వస్తారు. లియొనార్డ్ తొలి కథలు ఇక్కడ కొంత నయం. అపాచీ యుద్ధ తంత్రాన్ని గౌరవంగా గమనించి రాశాడు.

హారర్: వియర్డ్ టేల్స్, దాని నీడలో మిగతావి

1923 మార్చిలో షికాగో నుంచి వియర్డ్ టేల్స్ మొదటి సంచిక వచ్చింది. తర్వాతి ఏడాదే మూతపడే దాకా వెళ్ళి, 1924 చివర్లో ఫార్న్స్‌వర్త్ రైట్ ఎడిటర్‌గా వచ్చాక నిలదొక్కుకుంది. 1940 దాకా ఆయనే. పార్కిన్సన్స్ జబ్బుతో ఒళ్ళు సహకరించకపోయినా పత్రికను నడిపాడు. ఆయన రుచి ఎటైనా వంగేది. కవిత్వం వేశాడు, పురాతన ఈజిప్టు పగ మీద తర్వాత నాటకకర్తగా పేరు తెచ్చుకున్న టెన్నెసీ విలియమ్స్ 17 ఏళ్ళ వయసులో అచ్చయిన తొలి కథ 1928లో వేశాడు, సి.ఎల్. మూర్ అన్న పేరుతో రాసిన బ్యాంకు ఉద్యోగిని 'షాంబ్లో' కథను 1933లో వేశాడు. అదే రైట్ 'ది కాల్ ఆఫ్ క్తుల్హు'ను మొదట తిప్పి పంపాడు కూడా. మళ్ళీ అడిగి తీసుకుని 1928 ఫిబ్రవరిలో అచ్చేశాడు. కాబట్టి వియర్డ్ టేల్స్ సంచిక అంటే ఒక అద్భుతం, మూడు మామూలు కథలు, రెండు భరించలేనివి అన్న లెక్కతో తెరవాలి. ఆ రోజుల పాఠకులు ఎక్కువగా మెచ్చింది లవ్‌క్రాఫ్ట్‌ను కాదు, సీబరీ క్విన్ రాసిన జూల్స్ ద గ్రాండాన్ అనే డిటెక్టివ్ కథలను. అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒకటి చదివి వదిలేయొచ్చు.

లవ్‌క్రాఫ్ట్‌ను ఎలా మొదలుపెట్టాలన్నది చాలామందికి సమస్య. నా సలహా 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'. ఇది వియర్డ్ టేల్స్‌లో రాలేదు, 1927 సెప్టెంబరు అమేజింగ్ స్టోరీస్‌లో వచ్చింది. ఒక లోయను ముంచి రిజర్వాయర్ కట్టబోతుంటే సర్వే చేయడానికి వచ్చిన మనిషి ఆ కథ చెబుతాడు. నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు బావి పక్కన ఉల్క పడుతుంది. ఆ ఏడు పంట విరగకాస్తుంది. పండ్లు ఎప్పుడూ లేనంత పెద్దవి, నిగనిగలాడుతున్నాయి. కొరికితే నోరంతా చేదు. ఒక్క కాయ కూడా అమ్మకానికి పనికిరాదు. అక్కణ్ణించి ఆ ఇంట్లో ఒక్కొక్కరే చితికిపోతారు, నేల బూడిదైపోతుంది. దయ్యం కనబడదు. ఉన్నదల్లా పేరు పెట్టలేని ఒక రంగు. నిండుగా కాసిన తోట ముందు నేహమ్ నిలబడిన ఆ క్షణం రైతు కుటుంబం నుంచి వచ్చినవాళ్ళకు ఎంత లోతుగా తగులుతుందో చెప్పక్కర్లేదు. శ్రీశైలం కింద, పోలవరం కింద మునిగిన ఊళ్ళ సంగతి తెలిసిన మనకు ఆ రిజర్వాయర్ కూడా ఊరికే వచ్చిన వివరంగా అనిపించదు.

ఇక లవ్‌క్రాఫ్ట్ జాత్యహంకారం. దాన్ని దాచిపెట్టి సిఫార్సు చేయలేను. 'ది రాట్స్ ఇన్ ద వాల్స్' నిర్మాణంలో మచ్చలేని కథ, కానీ అందులో కథకుడి పిల్లి పేరు నల్లవాళ్ళను తిట్టే మాట. 'ది హారర్ ఎట్ రెడ్ హుక్'లో న్యూయార్క్‌కు వలస వచ్చినవాళ్ళ మీద ద్వేషం కథనే మింగేసింది. రెండోది చదవకపోయినా మీరు పోగొట్టుకునేదేమీ లేదు.

ఇంగ్లీషు తేలిగ్గా ఉండాలి, భయం మాత్రం గట్టిగా ఉండాలి అనుకుంటే హోవర్డ్. 1932 మేలో వచ్చిన 'ది హారర్ ఫ్రమ్ ద మౌండ్' వెస్టర్న్, హారర్ రెంటినీ కలిపిన కథ. స్టీవ్ బ్రిల్ ఒకప్పటి కౌబాయ్, టెక్సస్‌లో వ్యవసాయం చేసి నష్టపోయాడు. పక్కనున్న పాత మట్టి దిబ్బకు భయపడి చుట్టూ తిరిగి వెళ్ళే మెక్సికన్ పనివాణ్ణి చూసి, అందులో బంగారం ఉందనుకుని తవ్వుతాడు. లోపల ఉన్నది బంగారం కాదు. రెండు జానర్‌ల మధ్య ఎటూ తేల్చుకోలేనివాళ్ళు ఈ ఒక్క కథ చదివి, అందులో మీకు టెక్సస్ నచ్చిందా దిబ్బ నచ్చిందా చూసుకోండి. ఆయన చనిపోయాక 1938లో అచ్చయిన 'పిజియన్స్ ఫ్రమ్ హెల్' దీనికన్నా బాగా భయపెడుతుంది, రాత్రిపూట వద్దు.

వియర్డ్ టేల్స్‌కే రాసిన క్లార్క్ యాష్టన్ స్మిత్‌ను చివరికి ఉంచుకోండి. నిఘంటువు పక్కన లేకుండా ఆయన పేజీ దాటదు. భాష అంటే ప్రాణం పెట్టేవాళ్ళకు మాత్రం పండగే.

హారర్ పేరుతోనే ఇంకో రకం పత్రికలున్నాయి: డైమ్ మిస్టరీ, టెర్రర్ టేల్స్, హారర్ స్టోరీస్. 1933 నుంచి పాపులర్ పబ్లికేషన్స్ అధిపతి హ్యారీ స్టీగర్ పారిస్‌లోని గ్రాన్ గిన్యోల్ అనే థియేటర్ భయానక నాటకాలు చూసి ఈ బాట పట్టాడు. వీటిలో దయ్యం చివరికి దయ్యం కాదు, ఆస్తి కోసం వేషం కట్టిన మనిషి. దారి పొడుగునా ఆడవాళ్ళను హింసించే దృశ్యాలు. ఆ హింసే సరుకు. చరిత్ర కోసం ఒకటి చూడాలనిపిస్తే చూడండి, నేనైతే వీటిని ఎవరికీ చెప్పను.

ఒక చూపులో

| పత్రిక | ఇంగ్లీషు | నిడివి | ముగింపు | తెలిసి ఉండాల్సింది | మొదటి కథ |
|---|---|---|---|---|---|
| అడ్వెంచర్ | తేలిక నుంచి మధ్యస్థం | మధ్యస్థం, పొడుగు | గెలుపు, కొంత నష్టంతో | కొన్ని కథల్లో వలస పాలకుల చూపు | 'అలముత్' |
| వెస్టర్న్ స్టోరీ | తేలిక, సంభాషణ యాసలో | పొడుగు, సీరియల్‌లు ఎక్కువ | మంచివాడి గెలుపు | ఒకే మూసలో సాగే ప్రమాదం | మాక్స్ బ్రాండ్ పూర్తి నావెలెట్ ఏదైనా |
| డైమ్ వెస్టర్న్ | తేలిక | చిన్నవి దొరుకుతాయి | ఉత్కంఠ, చేదు కలిసిన గెలుపు | ఆదివాసుల చిత్రణ | 'త్రీ టెన్ టు యూమా' |
| వియర్డ్ టేల్స్ | రచయితను బట్టి చాలా తేడా | చిన్నవే ఎక్కువ | తరచూ ఓటమి, అయోమయం | జాత్యహంకారం, అట్టల మీద నగ్నత్వం | 'ది హారర్ ఫ్రమ్ ద మౌండ్' |
| టెర్రర్ టేల్స్ వగైరా | తేలిక | చిన్నవి | అంతా మనిషి పన్నాగమే | స్త్రీల మీద హింస | అక్కర్లేదు |

మీరు ఎలాంటి పాఠకులు?

మెట్రోలో వెళ్తూ వస్తూ చదివేవాళ్ళకు వియర్డ్ టేల్స్ చిన్న కథలు సరిపోతాయి. ఒక ప్రయాణంలో ఒక కథ అయిపోతుంది. సెలవు రోజు మధ్యాహ్నం దొరికేవాళ్ళు లాంబ్ నావెలెట్ పట్టుకోండి. మధ్యలో ఆపితే ఆ గుర్రాల పరుగు తెగిపోతుంది.

ఇంగ్లీషు మెరుగుపడాలన్న ఉద్దేశంతో చదివేవాళ్ళకు మొదట లాంబ్, తర్వాత లియొనార్డ్. లవ్‌క్రాఫ్ట్ నుంచి నేర్చుకున్న విశేషణాలు ఆఫీసు మెయిల్‌లో పనికిరావు, కాబట్టి ఆయన్ను భయం కోసం మాత్రమే చదవండి.

ఇంట్లో పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇవ్వాలంటే వెస్టర్న్ స్టోరీ, ఖ్లిట్ కథలు. వియర్డ్ టేల్స్ సంచికను స్కాన్ రూపంలో నేరుగా వాళ్ళ చేతికి ఇవ్వకండి. 1930లలో మార్గరెట్ బ్రండేజ్ వేసిన అట్టబొమ్మలు చాలావరకు నగ్న, అర్ధనగ్న చిత్రాలు. కథను విడిగా తీసి ఇవ్వండి.

తెలుగులో థ్రిల్లర్, హారర్ రాస్తున్నవాళ్ళకు మాత్రం నేను వేరే మాట చెబుతాను. గొప్ప కథలు పక్కన పెట్టి, డైమ్ వెస్టర్న్ పాత సంచిక ఒకటి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. మాటకు ఒక సెంటు, రెండు సెంట్లు తీసుకుని రాసినవాళ్ళు మొదటి పేరాలోనే పాఠకుణ్ణి ఎలా పట్టుకున్నారో, ఎక్కడ ఆ పట్టు జారిందో రెండూ అక్కడే కనబడతాయి.

స్కానా, పుస్తకమా?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత సంచికల స్కాన్‌లు బోలెడున్నాయి. 1929లో, అంతకుముందు అచ్చయినవి అమెరికాలో కాపీరైట్ దాటిపోయాయి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, వికీసోర్స్‌లో శుభ్రంగా టైప్ చేసిన పాఠాలు, లిబ్రివాక్స్‌లో ఆడియో దొరుకుతాయి. స్కాన్‌లో ఉన్న ఆనందం వేరు: కండలు పెంచే కోర్సుల ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, క్యాంప్ ఫైర్ తగాదాలు. కానీ రెండు కాలమ్‌ల పేజీని ఫోన్‌లో చదవడం కళ్ళకు శిక్ష. టాబ్లెట్ గానీ కంప్యూటర్ గానీ కావాలి.

పత్రికలో అచ్చయిన పాఠం ఎప్పుడూ రచయిత రాసిన పాఠం కాదు. లవ్‌క్రాఫ్ట్ పెద్ద కథ 'ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'ను 1936లో అస్టౌండింగ్ పత్రిక పేరాలు విరిచి, ముక్కలు తీసేసి వేస్తే ఆయన మండిపడ్డాడు. తర్వాతి కాలంలో రాతప్రతులతో పోల్చి ఆయన కథలన్నిటినీ సరిదిద్దింది పుణెలో పుట్టిన ఎస్.టి. జోషి. పెంగ్విన్ క్లాసిక్స్‌లో జోషి సంపాదకత్వంలో వచ్చిన మూడు సంపుటాలు మన దగ్గర కూడా కొనుక్కోవచ్చు. లవ్‌క్రాఫ్ట్ వరకు అవే తీసుకోండి. ఖ్లిట్ కథలకు హోవర్డ్ ఆండ్రూ జోన్స్ సంపాదకత్వంలో నెబ్రాస్కా యూనివర్సిటీ ప్రెస్ వేసిన నాలుగు సంపుటాలున్నాయి. లియొనార్డ్ వెస్టర్న్ కథలన్నీ ఒకే పుస్తకంగా వచ్చాయి. హోవర్డ్ హారర్ కథలు డెల్ రే వాళ్ళు ఒక సంపుటంగా వేశారు. మామూలు వెస్టర్న్, అడ్వెంచర్ కథలకు మాత్రం స్కాన్‌లే దిక్కు, చాలావాటికి పుస్తక రూపమే రాలేదు.

అసలు సంచికలు కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి, మడిస్తే పెళుసుగా విరుగుతుంది. అమెరికా నుంచి తపాలా ఖర్చు పెట్టి తెప్పించి కోస్తా ఉక్కపోతలో ఉంచడం అంత మంచిది కాదు. అక్కడే ఉన్న మనవాళ్ళకైతే వీలుంది. షికాగో దగ్గర విండీ సిటీ పల్ప్ అండ్ పేపర్ కన్వెన్షన్, పిట్స్‌బర్గ్ వైపు పల్ప్‌ఫెస్ట్ జరుగుతాయి. అక్కడ చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. కొనేముందు వెన్ను అంటుకుని ఉందా, నడిమి పేజీలు పిన్నుల దగ్గర ఊడాయా, కూపన్ల కోసం ఎవరైనా పేజీలు కత్తిరించారా అన్నది చూసుకోండి. పూర్తిగా వెనక్కి విప్పి చదవొద్దు. చదవడానికి స్కాన్ పెట్టుకోండి, పత్రికను ఆమ్లం లేని అట్ట వెనక పెట్టి ప్లాస్టిక్ తొడుగులో దాచుకోండి.